హరికేన్ సీజన్: హ్యూస్టన్ వాళ్లందరూ చదవండి

అందరికీ నమస్కారం. జూన్ 1 నుంచి హరికేన్ (పెను తుఫాను) సీజన్ మొదలైంది, నవంబర్ 30 దాకా ఉంటుంది. ‘కేటగిరీ 1 కదా, అయిదు స్థాయిల్లో అన్నిటికన్నా తక్కువదే’ అని తేలిగ్గా తీసుకోకండి. 2024 జులైలో వచ్చిన బెరిల్ హరికేన్ కూడా మన దగ్గర తీరం దాటేటప్పటికి కేటగిరీ 1దే. మన చుట్టుపక్కల 20 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. మా ఫ్రిజ్‌లో దోసెల పిండి పొంగి అరల మీదికి కారింది. ఆ ఉక్కకి పిల్లలు రాత్రంతా నిద్రపోలేదు.

మామూలు ఇంటి ఇన్సూరెన్స్‌లో వరద నష్టం రాదు. విడిగా తీసుకున్నా అమల్లోకి రావడానికి సాధారణంగా 30 రోజులు పడుతుంది, అందుకే ఈ వారమే చూసుకోండి. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల బీపీ, షుగర్ మందులు ముందే తెచ్చిపెట్టుకోండి.

జనరేటర్ గ్యారేజీలో అస్సలు పెట్టొద్దు, తలుపు తెరిచి ఉన్నా సరే. ఆ పొగ ప్రాణం తీస్తుంది.

మాది గ్యాస్ స్టవ్. కరెంటు పోతే పసిపిల్లలున్నవాళ్లు మొహమాటపడకుండా వచ్చి పాలు కాచుకోండి.