గంట కొట్టాక కాగితం ఇచ్చేయాల్సిందే

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

శనివారం ఐదో తరగతికి పెట్టిన నవోదయ (ఆరో తరగతి ప్రవేశానికి జవహర్ నవోదయ విద్యాలయాలు పెట్టే పరీక్ష) నమూనా పరీక్షలో నేను పిల్లల చేతుల్లోంచి కాగితాలు లాగేసుకున్నానని పర్లాకిమిడిలో సగం ఊరు చెప్పుకుంటోందట. ఒక తండ్రిగారైతే ఫోన్ చేసి, "మాస్టారూ, ఇంకో ఐదు నిమిషాలిస్తే మా గుంటడు అన్నీ చేసేసును గదా" అన్నారు. నిజమే, చేసేసేవాడే. అసలు పరీక్షలో ఆ ఐదు నిమిషాలు ఎవరిస్తారు?

మొత్తం 80 ప్రశ్నలు, 2 గంటలు. అందులో అంకగణితానివి 20, వాటికి 30 నిమిషాలు. లెక్కకు తొంభై సెకన్లు. ఆ అబ్బాయి చిత్తు కాగితం ఇప్పుడు నా బల్ల మీదే ఉంది. 480 రూపాయల్లో పన్నెండున్నర శాతం ఎంత? మూడుసార్లు గుణించాడు, రెండుసార్లు కొట్టేశాడు, చివరికి 60 అని సరిగ్గానే తేల్చాడు. పక్కనే నిలబడి చూశాను, ఏడు నిమిషాలు పట్టింది. చివరి ఆరు ప్రశ్నలు చదవనేలేదు. ఒక్కోటి 1.25 మార్కులు, అంటే ఏడున్నర పోయాయి. తప్పు రాసినా మార్కులు కోయని పరీక్షలో!

వెనక బెంచీ పాప అదే లెక్కకు చిత్తు కాగితం ముట్టుకోలేదు. ఎలా చేశావమ్మా అంటే, "నూటికి పన్నెండున్నరంటే రూపాయికి బేడ కదండీ, ఎనిమిదో వంతు. మా మామ్మ వడ్డీ అలాగే చెప్తాది" అంది. స్టాఫ్‌రూంలో అందరికీ రెండేసిసార్లు చెప్పాను, మీకూ చెప్తున్నాను. ఆ పాపే నాలుగు లెక్కల పక్కన చుక్క పెట్టి ముందుకెళ్ళిపోయి, మిగిలిన టైంలో వాటిలో మూడు చేసింది.

ఇక ఎక్కాలు. ఈ మాట నేనెత్తితే మీరు నవ్వుకుంటారని తెలుసు. పదిహేడార్లు ఎంతంటే నూటరెండని నోరు చెప్పాలి, వేళ్ళు కాదు. వేళ్ళు మడిచేసరికే అర నిమిషం పోతుంది, ఇక ఆలోచించడానికి ఏం మిగిలింది? దీపాలు పెట్టే వేళ అరుగు మీద ఇరవయ్యో ఎక్కం దాకా రోజూ ఒక్కసారి అప్పజెప్పించుకోండి. ఏ కోచింగూ అక్కర్లేదు. పిల్లాడు తడుముకోగానే ఫోన్లో కాలిక్యులేటర్ తీసిచ్చే మీ ప్రేమను తప్పుపట్టను, కానీ ఆ ప్రేమ పరీక్ష హాల్లోకి రాదు. "ఒక్క లెక్క కూడా వదలకు నాన్నా" అని దీవించి పంపడం కూడా దయచేసి మానండి. రానిది వదిలి, తర్వాత మళ్ళీ దాని దగ్గరకు రావాలి. ఇంట్లో గడియారం పది నిమిషాలు ముందుకు తిప్పి పెట్టుకునేవారు దాన్ని సరిచేస్తే ఇంకా సంతోషం.

ఇల్లు పాతపట్నం వైపు, బడి ఇక్కడ అయినవారు ఒకసారి నన్ను కలవండి. నవోదయకు నివాసమూ ఐదో తరగతి చదువూ ఒకే జిల్లాలో ఉండాలి; పాతపట్నం ఆంధ్రలోని శ్రీకాకుళం జిల్లా, మన పర్లాకిమిడి ఒడిశాలోని గజపతి జిల్లా. ఆధార్ నకళ్ళు సోమవారంలోగా ఇవ్వండి.

వచ్చే శనివారం మళ్ళీ పరీక్ష. కిటికీ దగ్గర నిలబడి పిల్లలకు సైగలు చేయకండి, పోయినసారి చూశాను.

మీ
ప్రధానోపాధ్యాయుడు