ఆర్ఎంఓ మేడమ్‌కు, ఆ దవాఖానాను నడిపిస్తున్న వాళ్లకు కృతజ్ఞతలు

మా తమ్ముడు ఇంటికి వచ్చేశాడు. ఫోన్లు చేసినవాళ్లకు, రక్తం కావాలా డబ్బులు కావాలా అని అడిగినవాళ్లకు పేరుపేరునా థాంక్స్. వాడికి వైద్యం చేసిన డాక్టర్లకు, సిస్టర్లకు ఎప్పటికీ రుణపడి ఉంటాం, ఆ మాట వాళ్లకే చెప్పాం. ఈ పోస్టు మాత్రం వాడికి ఒక్క ఇంజక్షన్ కూడా వేయని ఒకావిడ గురించి.

ఆవిడ మన హైదరాబాద్‌లో ఒక పెద్ద సర్కారు దవాఖానాలో ఆర్ఎంఓ, అంటే రెసిడెంట్ మెడికల్ ఆఫీసర్, దవాఖానా రోజువారీ పనులు చూసుకునే డాక్టరు. దవాఖానా పేరు రాస్తే మేడమ్ ఎవరో ఇట్టే తెలిసిపోతుంది. తన గురించి ఎక్కడా పెట్టొద్దని ఆవిడే చెప్పారు. పైగా అక్కడి లోటుపాట్లు కూడా రాయబోతున్నాను కాబట్టి పేరు లేకపోవడమే మంచిది.

తమ్ముడికి వచ్చింది గులియన్ బారీ సిండ్రోమ్, జీబీఎస్. 2025 జనవరిలో పుణెలో కేసులు పెరిగినప్పుడు టీవీల్లో మార్మోగిన జబ్బే. మన ఒంట్లోని రోగనిరోధక శక్తే నరాల మీద పడుతుంది. కాళ్లలో మొదలైన నీరసం పైకి పాకి, కొందరిలో ఊపిరి పీల్చుకునే కండరాల దాకా వస్తుంది. దీనికి ఐవీఐజీ అనే మందు ఎక్కిస్తారు, లేదా ప్లాస్మా మారుస్తారు. ఐవీఐజీ అయితే కిలో బరువుకు రోజుకు 0.4 గ్రాముల లెక్కన ఐదు రోజులు. మా వాడిలా 60 కిలోలున్న మనిషికి 5 గ్రాముల సీసాలు రోజుకు ఐదు పడతాయి. మొదట తీసుకెళ్లిన ప్రైవేటు ఆసుపత్రిలో మందు, ఐసీయూ కలిపి చెప్పిన ఎస్టిమేట్ చూసి అమ్మ పుస్తెలతాడు తీయబోయింది. ఆరోగ్యశ్రీ మా దగ్గర నడవదన్నారు. ఆ సాయంత్రమే అంబులెన్స్‌లో సర్కారు దవాఖానాకు తెచ్చాం.

క్యాజువాలిటీలో సిస్టర్ వాడిని గట్టిగా ఊపిరి పీల్చుకుని, మళ్లీ పీల్చకుండా అంకెలు లెక్కపెట్టమంది. 20 దాకా చెప్పాడు. రాత్రి మళ్లీ అడిగితే 8 దగ్గర ఆగిపోయాడు. డ్యూటీ డాక్టర్ మాతో ఏమీ అనకుండా ఫోన్ తీసుకుని పక్కకు వెళ్లాడు. వెంటిలేటర్ బెడ్ కావాలి, ఒక్కటీ ఖాళీ లేదు.

ఆర్ఎంఓ మేడమ్‌ను నేను మొదటిసారి చూసింది అప్పుడే. రాత్రి వేళ, కాటన్ చీర, చేతిలో పొడుగాటి రిజిస్టరు. ఎవరి మీదా అరవలేదు. ఐసీయూ డాక్టర్‌తో మాట్లాడి, వెంటిలేటర్ తీసేసినా నిలకడగా ఉన్న పేషెంట్ ఎవరో కనుక్కున్నారు. ఆ పేషెంట్‌ను వార్డుకు పంపాలంటే అక్కడ ఆక్సిజన్ పాయింట్ ఉన్న మంచం కావాలి. అది దొరకాలంటే పొద్దున డిశ్చార్జ్ రాసినా కాగితాలు కాక అక్కడే ఉన్న ఒక పెద్దాయనను కదిలించాలి. తర్వాత ట్రాలీ, తోసే మనిషి, ఐసీయూ మంచం కడగడం, వెంటిలేటర్‌కు కొత్త ట్యూబులు. ఇందులో ఏ ఒక్కటి ఆగినా మిగతావన్నీ ఆగుతాయి. మేడమ్ ఒక్కొక్కరిని పేరు పెట్టి పిలిచి, వరసగా అన్నీ కదిలించారు. ఊపిరాడక తమ్ముడి పెదాలు నల్లబడేలోపు వాడు ఐసీయూలో ఉన్నాడు.

మంచం సిద్ధమయ్యాక, వాడిని ఎక్కించే ముందు ఆవిడ చేసిన పని ఇంకా కళ్లముందే ఉంది. మగ్గులో నీళ్లు తెప్పించి, సక్షన్ ట్యూబు అందులో ముంచి ఆన్ చేశారు. నీళ్లు గుటుక్కున పైకి లాగేస్తే తల ఊపి పక్కకు జరిగారు. గొంతులో కఫం అడ్డుపడ్డ నిమిషంలో మెషిన్ పనిచేయడం లేదని తెలుసుకుంటే ఏం లాభం? ఆ తర్వాత కనిపెట్టాను, రోజూ పొద్దున్నే రౌండ్‌లో ఆవిడ చూసేవన్నీ ఇలాంటివే. ఆక్సిజన్ మీటరు, జనరేటర్ డీజిల్, బాత్రూమ్ నల్లాలు, డ్యూటీ చార్టులో సంతకం పెట్టి మాయమైనవాళ్లు.

ఇక మందు సంగతి. ఐవీఐజీ దవాఖానా స్టోర్‌లో ఉంది కానీ ఐదు రోజులకు సరిపడా లేదు. మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదన్నారు డాక్టర్లు. బయట కొనుక్కురమ్మని చీటీ రాసిస్తారేమోనని మాకు ఒకటే టెన్షన్. మేడమ్ ఫార్మసిస్టును కూర్చోబెట్టి, సర్కారు మందుల లెక్క ఉండే ఈ-ఔషధి అనే ఆన్‌లైన్ సిస్టమ్‌లో ఇంకో సర్కారు దవాఖానాలో స్టాకు చూసి, అక్కడి ఆఫీసర్‌తో మాట్లాడి మందు పంపమని ఇండెంట్ పంపించారు. సాయంత్రానికి ఐస్ బాక్స్ వచ్చింది. ఆ మందును 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలట. ఫార్మసిస్టు మూత తీసి, సీసాలు లెక్కపెట్టి, బ్యాచ్ నంబర్లు రాసుకుని ఫ్రిజ్‌లో పెట్టేదాకా అమ్మ కిటికీ దగ్గర నిలబడి చూసింది. మాతో ఒక్క రూపాయి కట్టించుకోలేదు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, దవాఖానా అంటే మనకు డాక్టరు, మందు, మంచం. ఈ మూడింటినీ ఒకే గంటలో ఒకే చోటికి చేర్చడం కూడా పెద్ద విద్యేనని నాకు ఇప్పుడే తెలిసింది. 2020లో గాంధీ ఆసుపత్రిని మొత్తంగా కోవిడ్‌కు కేటాయించినప్పుడు, మిగతా జబ్బుల వాళ్లు ఎటు పోవాలో ఎవరో కూర్చుని లెక్కలు వేసే ఉంటారు. అదే ఏడాది జూలైలో ఉస్మానియా ఆసుపత్రి పాత భవనంలోకి వాననీళ్లు వస్తే, అక్కడి పేషెంట్లను వేరే బ్లాకుల్లో సర్దింది కూడా ఇలాంటివాళ్లే. పేపర్లో మాత్రం నీళ్లలో మంచాల ఫొటో వస్తుంది.

పైగా వాళ్ల చేతిలో అన్నీ ఉండవు. మన పెద్ద బోధనాసుపత్రులు డీఎంఈ, అంటే వైద్య విద్య డైరెక్టర్ కింద ఉంటాయి, ఏరియా ఆసుపత్రులు ఇంకో విభాగం కింద, పీహెచ్‌సీలు పబ్లిక్ హెల్త్ డైరెక్టర్ కింద. మందులు కొనేది కోటిలో ఉన్న వైద్య సేవల కార్పొరేషన్. ఊడ్చేవాళ్లు, సెక్యూరిటీ కాంట్రాక్టరు మనుషులు. సూపరింటెండెంట్ గారు పాఠాలు చెప్పే ప్రొఫెసర్ కూడా. తిట్లు మాత్రం అన్నీ ఆయనకూ ఆర్ఎంఓకూ. నన్ను అడిగితే, ఇంత పెద్ద దవాఖానాకు రాత్రిపూట ఇలాంటి మనిషి ఒక్కరే ఉండటం అన్యాయం.

అన్నీ బాగున్నాయని అబద్ధం చెప్పను. మేమున్నన్నాళ్లూ ఒక లిఫ్ట్ మూలుగుతూ ఆగుతూనే ఉంది. అటెండెంట్లకు కూర్చునే చోటు లేక కారిడార్‌లో దుప్పటి పరుచుకున్నాం. ఐదు రూపాయల భోజనం లేకపోతే అమ్మ పస్తులే ఉండేది. స్కానింగ్‌కు ట్రాలీ తోయడానికి ఒకతను చాయ్ పైసలు అడిగాడు. మేడమ్‌కు చెప్తే అతన్ని పిలిచి మా ముందు తిట్టలేదు. మర్నాటి నుంచి ట్రాలీల దగ్గర వేరే మనిషి ఉన్నాడు, గోడ మీద ఫిర్యాదు చేయాల్సిన నంబరు అతికించి ఉంది. ఆ పద్ధతి నాకు నచ్చింది.

ఐసీయూ నుంచి వార్డుకు వచ్చాక ఫిజియోథెరపీ సార్ వాడిని మంచం అంచున కూర్చోబెట్టిన రోజు మేమందరం ఏడ్చాం. ఇప్పుడు వాకర్‌తో హాల్లో నాలుగడుగులు వేస్తున్నాడు, అమ్మ మీద కోప్పడుతున్నాడు కూడా, అంటే మామూలు మనిషి అయినట్టే. పూర్తిగా కోలుకోవడానికి నెలలు పడుతుందన్నారు.

డిశ్చార్జ్ రోజు పుల్లారెడ్డి స్వీట్ల డబ్బా తీసుకుని ఆర్ఎంఓ ఆఫీసుకు వెళ్లాం. మేడమ్ తీసుకోలేదు. "నిజంగా ఏమన్నా చేయాలనుకుంటే, నైట్ డ్యూటీ సిస్టర్లు, పేషెంట్ కేర్ వాళ్ల పేర్లు రాసి సూపరింటెండెంట్ సార్‌కు ఒక లెటర్ ఇవ్వండమ్మా. కాంట్రాక్టు పిల్లల గురించి ఎవరూ రాయరు. రెన్యువల్ అప్పుడు అడిగితే చూపించడానికి ఏదో ఒక కాగితం ఉండాలి కదా" అన్నారు. అక్కడే బెంచీ మీద కూర్చుని నేను రాశాను, పేర్లు తమ్ముడు చెప్పాడు, వాడికి అందరూ గుర్తున్నారు. స్వీట్లు వార్డులో పంచేశాం. లెటర్ ఇన్‌వార్డ్ సెక్షన్‌లో ఇచ్చి, కాపీ మీద స్టాంపు వేయించుకుని వచ్చాం.