మంచం మీద పడుకోబెట్టేశారురా మన రైకర్‌ని

విజయనగరం,
ఆదివారం రాత్రి

ఒరే శీనూ,

నీ మెయిల్ నిన్న పొద్దున చూశాను. సింగపూర్‌లో ఓడ ఆగితే సిగ్నల్ దొరికిందని రాశావు. ఆరు లైన్ల మెయిల్‌లో అమ్మానాన్నల గురించి ఒక లైను, అక్కడి తిండి గురించి ఒక లైను, మిగతా నాలుగూ మన 'స్టార్ ట్రెక్: ద నెక్స్ట్ జనరేషన్' రెండో సీజన్ ఆఖరి ఎపిసోడ్ గురించే. "చూసేశావా? బోర్గ్‌లు వచ్చారా? ఆగలేకపోతున్నాను, చెప్పెయ్" అని.

రాలేదురా. ఆ సగం మనిషి, సగం యంత్రం బోర్గ్‌లు రాలేదు, ఎవరూ రాలేదు. ఎంటర్‌ప్రైజ్ అంతరిక్ష నౌకలో కెప్టెన్ తర్వాత కెప్టెన్ అంతటి మన రైకర్‌ని మంచం మీద పడుకోబెట్టి, పాత ఎపిసోడ్ల ముక్కలు చూపించి సీజన్ ముగించేశారు. శుక్రవారం రాత్రి చూశాను. ఇవాళ్టికీ మనసు కుదుటపడలేదు. ఫోన్ చేద్దామంటే నువ్వు దొరకవు. అందుకే కూర్చుని రాస్తున్నాను. పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

నువ్వు వెళ్లే ముందు రోజు రాత్రి మా స్టూడియో మేడ మీద ఇరవై ఒకటో ఎపిసోడ్ చూశాం కదా. బోర్గ్‌లని ఎదుర్కోవాలంటే సాధన కావాలని ఎంటర్‌ప్రైజ్‌కీ ఒక పాత డొక్కు ఓడకీ ఉత్తుత్తి యుద్ధం పెట్టారు. ఆ డొక్కు ఓడకి కెప్టెన్ మన రైకరే. నువ్వైతే లేచి నిలబడి "అచ్చం మా ఇంజిన్ రూమేరా" అని అరిచావు. కింద నుంచి అమ్మ ఏమైందని కేకేసింది. అలాంటి ఎపిసోడ్ తర్వాత ఇంకెంత పెద్దది వస్తుందో అని నేను మూడు వారాలు దాచుకున్నాను. ముహూర్తాల రోజులు, మూడు పెళ్లిళ్ల ఎడిటింగ్ పెండింగ్. అవన్నీ తెమిల్చి, స్నానం చేసి, ఫోన్ సైలెంట్‌లో పెట్టి మరీ కూర్చున్నాను.

ఎపిసోడ్ పేరు 'షేడ్స్ ఆఫ్ గ్రే'. మొదలు బాగానే ఉందిరా, అది చెప్పాలి. సురాటా ఫోర్ అనే గ్రహం మీద రైకర్ కాలికి ఏదో తీగ ముల్లు గుచ్చుకుంటుంది. పక్కన ఓడ ఇంజినీర్ జోర్డీ ఉంటాడు. పైకి తెద్దామంటే, మనుషుల్ని క్షణంలో ఓడలోకి చేర్చే ఆ ట్రాన్స్‌పోర్టర్ యంత్రం ఒప్పుకోదు, ఒంట్లో క్రిమి ఉందని ఫిల్టర్ ఆపేస్తుంది. డాక్టర్ పులాస్కీ పూనుకుంటే గానీ మనిషి ఓడ మీదికి రాలేదు. ఆ క్రిమి నరాలకి అల్లుకుపోయి మెదడు వైపు పాకుతూ ఉంటుంది. అంతవరకు నేను కుర్చీ ముందుకి లాక్కుని చూశాను.

తర్వాత పులాస్కీ అతని తలకి సూదులు పెట్టి, మెదడుని కదిలించి జ్ఞాపకాలు రప్పిస్తుంది. సంతోషమైన జ్ఞాపకం వస్తే క్రిమి పెరుగుతుంది. భయమో దుఃఖమో కలిగించే జ్ఞాపకం వస్తే తగ్గుతుంది. అంటే మనిషి బతకాలంటే తన చేదు జ్ఞాపకాలన్నీ మళ్లీ అనుభవించాలి. ఎంత మంచి ఆలోచనో చూడు! ఈ ఒక్క ఆలోచన చేతికిస్తే మంచి రచయిత మనల్ని ఏడిపించి వదులుతాడు. వీళ్లు దాన్ని పాత క్లిప్పులు తగిలించుకోవడానికి కొక్కెంలా వాడుకున్నారు. రైకర్ కళ్లు మూసుకుంటాడు, క్లిప్పు. ఎదుటివాళ్ల మనసు పసిగట్టే ట్రాయ్ మంచం పక్క నుంచి అతని మనసులో ఏముందో చెబుతుంది, మళ్లీ క్లిప్పు. పులాస్కీ మీటర్ చూసి తల ఆడిస్తుంది, ఇంకో క్లిప్పు. వాళ్ల తోటి ఆఫీసర్ టాషా యార్ చావు వచ్చింది, ట్రాయ్ బిడ్డ చావు వచ్చింది. మొదటిసారి చూసినప్పుడు మనిద్దరం కాసేపు మాట్లాడుకోలేకపోయిన సీన్లు అవి. ఇక్కడ మందు చీటీలో మాత్రల్లా వరసగా వచ్చి వెళ్లిపోయాయి.

అమ్మ మజ్జిగ పట్టుకుని వచ్చి పది నిమిషాలు నిలబడి చూసింది. "ఏటిరా, మా సీరియల్లో కూడా ఇంతే కదా, ఆ పిల్ల మంచం మీద పడుకుంటే వారం రోజులు పాతవే వేస్తారు" అంది. నాకు ప్రాణం చివుక్కుమంది. ఎందుకంటే మన సీరియల్ అలాంటిది కాదని రెండేళ్లుగా ఆవిడతో వాదిస్తున్నది నేనే.

నిద్ర పట్టక, అసలు ఇలా ఎందుకు తీశారని ఆ రాత్రే కూర్చుని చదివాను. 1988లో అమెరికాలో సినిమా, టీవీ రచయితలు సమ్మె చేశారు. మార్చిలో మొదలై ఆగస్టు దాకా, అయిదు నెలలు. అందుకే మొదటి సీజన్‌లో 26 ఎపిసోడ్లు ఉంటే దీనిలో 22 మాత్రమే. సీజన్ కూడా నవంబర్‌లో గానీ మొదలవలేదు. మొదటి ఎపిసోడ్ 'ద చైల్డ్' కూడా అప్పుడు రాసింది కాదట. డెబ్బైల్లో తీద్దామనుకుని మానేసిన ఇంకో స్టార్ ట్రెక్ సీరియల్ కోసం రాసిపెట్టుకున్న స్క్రిప్టు బయటికి తీసి, మార్చి వాడుకున్నారు. దానికి తోడు మనం ఎగిరి గంతేసిన 'క్యూ హూ', ఆ షెర్లాక్ హోమ్స్ ఎపిసోడ్ రెండూ బడ్జెట్ దాటిపోయాయి. ఆ లోటు పూడ్చడానికి చవగ్గా ఒకటి చుట్టెయ్యమన్నారు. మామూలుగా ఎపిసోడ్‌కి ఏడు రోజులు షూటింగ్ అయితే దీన్ని మూడు రోజుల్లో ముగించారు. ఆ ఖరీదైన రెండూ తీసిన డైరెక్టర్ రాబ్ బౌమనే ఇదీ తీశాడు. బోర్గ్‌ల ఓడని మొదటిసారి మనకి చూపించిన మనిషి చేత ఈ మంచం సీన్లు తీయించారు. పాపం అనిపించింది.

డబ్బు లేకపోవడం నాకు అర్థమవుతుందిరా. మా పనిలో నెలకి రెండుసార్లు అదే గొడవ. డ్రోన్ కావాలంటారు, బడ్జెట్ ఉండదు. ఉన్నదాంతో నెట్టుకొస్తాం. కథ ఒక ఎపిసోడ్ ఆగిందన్నది కూడా నా బాధ కాదు. మా తాత చెప్పేవాడు, మన ఊళ్లో నారాయణదాసు గారి తరం నుంచి హరికథ వినే జనానికి పిట్టకథ అంటే ప్రాణమని. రాత్రి పదిన్నరకి ముందు వరసలో ముసలివాళ్లు తూగుతుంటే దాసు గారు చిడతలు ఆపి ఒక పిట్టకథ ఎత్తుకుంటారు. అది అయ్యాక ఎక్కడ ఆపారో సరిగ్గా ఆ పద్యం మీదికే వస్తారు. వచ్చేటప్పటికి మనకి సీతమ్మ ఇంకొంచెం దగ్గరవుతుంది. పిట్టకథ పని అది. ఈ ఎపిసోడ్ అయ్యేసరికి నాకు రైకర్ ఇంకొంచెం దూరమయ్యాడు.

ఎందుకు దూరమయ్యాడో నాకు వెంటనే తట్టలేదు. నిన్న మధ్యాహ్నం షాపులో ఉండగా తట్టింది.

పోయిన నెల గజపతినగరం వైపు నుంచి ఒకావిడ వచ్చింది. అరవై దాటి ఉంటాయి. చేతిసంచిలో ఒక వీహెచ్ఎస్ క్యాసెట్, ఇరవై ఏళ్ల కిందటి కూతురి పెళ్లిది. అంచుల్లో బూజు పట్టింది. భర్త ఈమధ్యే పోయారట. ఆయన కనిపించే ముక్కలన్నీ ఏరి ఒకచోట పెట్టి ఇమ్మంది. రెండు రోజులు పట్టింది. టేపు శుభ్రం చేసి, కంప్యూటర్‌లోకి ఎక్కించి, ఏరితే మొత్తం నాలుగు నిమిషాలు వచ్చింది. కాళ్లు కడుగుతున్నప్పుడు, భోజనాల దగ్గర నిలబడి వడ్డించేవాళ్లకి చెయ్యి చూపిస్తున్నప్పుడు, ఒకసారి కెమెరా వైపు చూసి ఉత్తరీయం సర్దుకుంటున్నప్పుడు. ఆవిడ కుర్చీ అంచున కూర్చుని రెండుసార్లు చూసింది. కళ్లు తుడుచుకుని, "బావున్నాయి బాబూ. అప్పగింతలయ్యాక ఆయన పెరట్లోకెళ్లి నూతి దగ్గర ఒక్కరూ నిలబడి ఏడ్చారు. అది రాలేదా?" అని అడిగింది. కెమెరా ఆ పక్కకి వెళ్లలేదమ్మా అన్నాను. తల ఊపింది. డబ్బులిచ్చి వెళ్లిపోయింది.

ఆ నాలుగు నిమిషాలూ ఆయన కనబడిన ముక్కలు. ఆవిడకి ఆయనంటే గుర్తొచ్చేది మాత్రం నూతి దగ్గర సంగతి.

ఇప్పుడు రైకర్ సంగతి చెప్పు. ఈ రెండు సీజన్లలో అతన్ని లోపల్నుంచి కోసేసిన రోజు ఏది? నువ్వు వెంటనే చెప్పగలవు. 'ద మెజర్ ఆఫ్ ఎ మ్యాన్'. ఓడలో ఆఫీసర్‌గా పనిచేసే మరమనిషి డేటా మనిషా, సామానా అని కోర్టు పెట్టారు. డేటా సామాను అని రుజువు చేసే పని బలవంతంగా రైకర్ నెత్తిన పెట్టారు. ఒప్పుకోకపోతే విచారణ కూడా లేకుండా డేటాని విప్పేస్తారు. అందుకని ఒప్పుకుని, స్నేహితుడి చెయ్యి ఊడదీసి అందరికీ చూపించి, వెనక నుంచి వచ్చి స్విచ్ ఆపేస్తాడు. డేటా తాళ్లు తెగిన తోలుబొమ్మలా ముందుకి వాలిపోతాడు. అప్పుడు రైకర్ మొహం!

శీనూ, ఆ జ్ఞాపకం ఈ ఎపిసోడ్‌లో లేదురా. అదే సీజన్‌లోది, అయిదు నెలల ముందు వచ్చింది. చేదు జ్ఞాపకాలే ప్రాణం నిలబెట్టే మందు అని కథ పెట్టుకుని, ఆ మనిషి జీవితంలోని అసలు చేదుని వదిలేశారు. దాని బదులు తన్నులాటలూ పేలుళ్లూ వేశారు. గజపతినగరం ఆవిడ అడిగింది నా దగ్గర లేదు, ఎక్కణ్నుంచి తేను? వీళ్ల దగ్గర ఉంది. రీళ్లు వాళ్ల అరలోనే ఉన్నాయి. నేనైతే మిగతా క్లిప్పులన్నీ తీసేసి, డాక్టర్ సూదులకి లొంగకుండా రైకర్ దాచుకుంటున్న జ్ఞాపకం ఇదొక్కటే అని పెట్టి, ఆఖర్న దాన్ని బయటికి రప్పించేవాణ్ని. డేటా కూడా ఆ ఓడలోనే ఉన్నాడు కదా. జోర్డీతో కిందికి దిగి ఆ ముల్లుతీగ సంపాదించే పనిలో తిరుగుతున్నాడు. వచ్చి మంచం పక్కన కూర్చుంటే చాలు. ఒక గది, ఇద్దరు నటులు, మూడు రోజులు ఎక్కువ కూడా.

ఆ కోర్టు ఎపిసోడ్‌లో మాత్రం ఏం ఖర్చుందిరా? నలుగురు ఒక గదిలో నిలబడి మాట్లాడుకోవడమే. మెలిండా స్నాడ్‌గ్రాస్ అని, అంతకుముందు లాయర్‌గా పనిచేసిన ఆవిడ రాసింది. పేలుడు లేదు, యుద్ధం లేదు. మనం మాత్రం అది చూసి రాత్రి రెండింటిదాకా గంటస్తంభం దగ్గర టీ బండి పక్కన నిలబడి వాదించుకున్నాం. టీ ఆయన "ఇంతకీ ఆ బొమ్మబాబు గెలిచాడా లేదా" అని అడిగాడు. అందుకే డబ్బు లేదన్న సాకు నేను ఒప్పుకోలేకపోతున్నాను.

ఇంకో అన్యాయం కూడా చెప్పాలి. పులాస్కీ మనకి కనిపించేది ఇదే ఆఖరు. మూడో సీజన్‌కి పాత డాక్టర్ క్రషర్ తిరిగొచ్చేస్తుంది. నీకు మొదట్లో పులాస్కీ అంటే పడేది కాదు, డేటాని యంత్రం అంటుందని. మెల్లమెల్లగా మనిద్దరికీ నచ్చింది. డయానా మల్డార్ ఏడాదంతా అంత బాగా చేస్తే, చివరికి మీటర్లు చదివించి పంపేశారు. ఒక వీడ్కోలు మాట కూడా లేదు.

ఇక ఒక్క మంచి కబురు. కథ చెప్పను, భయపడకు. నాలుగో సీజన్‌లో మళ్లీ డబ్బు తక్కువై, క్లిప్పులతో ఒకటి చేసెయ్యండని స్టూడియో వాళ్లు అన్నారట. ఈసారి మనవాళ్లు ఒప్పుకోలేదు. ఓడలో ఉన్న సెట్లతోనే, చవగ్గా, కొత్త కథ తీస్తామని పట్టుబట్టారు. అలా వచ్చింది 'ద డ్రమ్‌హెడ్', 1991లో. అదీ విచారణ కథేనట, అదీ మాటల మీదే నడుస్తుందట. డైరెక్ట్ చేసింది ఎవరనుకున్నావు? జోనథన్ ఫ్రేక్స్. మన రైకరేరా! ఆ మంచం మీద పడుకుని క్లిప్పులకి కళ్లు మూసిన మనిషి, రెండేళ్లు తిరగకుండా కెమెరా వెనక నిలబడి, క్లిప్పుల బదులు కథ తీశాడు. అది చదివాకే నాకు శుక్రవారం రాత్రి నిద్ర పట్టింది.

మూడో సీజన్ నేను ముట్టుకోలేదు. నువ్వు దిగేదాకా ముట్టుకోను. నీ కాంట్రాక్ట్ సంక్రాంతికి ముందు అయిపోతుందన్నావు కదా, భోగి రోజు రాత్రికి మేడ మీద గది ఖాళీ చేయించి ఉంచుతాను. భీమాలి తాండ్ర నీ కోసమని అమ్మ రెండు పొట్లాలు డబ్బాలో పెట్టి మూత బిగించింది. సోంపేట వెళ్లే ముందు ఇక్కడ ఒక రోజు ఆగాల్సిందే, మీ నాన్నతో నేను మాట్లాడతాను.

ఈలోగా ఒక పని చెయ్యి. 'షేడ్స్ ఆఫ్ గ్రే' చూడకు. నీ హార్డ్ డిస్క్‌లో 'ద మెజర్ ఆఫ్ ఎ మ్యాన్' ఉంది. డ్యూటీ దిగాక మళ్లీ పెట్టుకో. కోర్టుకి ముందు రైకర్ ఒక్కడే కూర్చుని డేటా నమూనాలు స్క్రీన్ మీద వెతుకుతుంటాడు. స్విచ్ ఎక్కడుందో దొరుకుతుంది. గెలిచే దారి దొరికిందని సంబరంగా నవ్వు వస్తుంది. ఆ నవ్వు మొహం మీద ఉండగానే, తను ఏం చెయ్యబోతున్నాడో అర్థమవుతుంది. నేను ఆ ముక్కని ఎడిటింగ్‌లో పెట్టి ఒక్కో ఫ్రేమూ జరుపుతూ చూశాను. ముందు కళ్లలో నవ్వు పోతుంది, పెదాల మీద ఇంకా కాసేపు ఉంటుంది. నువ్వు కూడా చూసి, సిగ్నల్ దొరికినప్పుడు నాకు రాయి.

నీ
రమణ