అమ్మకు, నాన్న పేరు సంగతి

అమ్మా,

వందనాలు. ఇది ఫోన్లో చెప్పే సంగతే. కానీ ఫోన్లో అయితే నువ్వు మధ్యలో ఏడుస్తావు, నేను విసుక్కుంటాను, తర్వాత రెండు రోజులు ఇద్దరికీ మనసు బాగోదు. అందుకే రాస్తున్నా. తమ్ముడిచేత చదివించుకో, సొంత మాటలు కలపొద్దని వాడికి ముందే చెప్పు.

డ్యూటీ బాగానే ఉంది. ఈ నెలంతా నైట్లే. మాగాయ సీసా పగలకుండా చేరింది, గోంగూర మాత్రం పెట్టెలో కారి ఆయన చొక్కాలు రెండు పాడయ్యాయి. ఆయన ఏమీ అనలేదు, వాసన చూసి నవ్వారు.

ఇక నాన్న పేరు మీద మీరు కట్టించాలనుకుంటున్న ఆర్చి సంగతి. నేను "కొంచెం ఆగండి" అన్నందుకు నీకు కష్టమేసిందని నాకు తెలుసు. పెదనాన్న అయితే "డాలర్లు వచ్చాక నాన్న పేరు బరువైందా" అన్నాడట. తమ్ముడే చెప్పాడులే, నీకు చెప్పొద్దంటూనే చెప్పాడు. డబ్బుకి వెనకాడి కాదమ్మా. ఆర్చికి మూడు లక్షలంటున్నారు, నేను ఐదు ఇస్తానంటున్నా, కాకపోతే ఆర్చికి కాదు, నాన్న పేరు మీద పిల్లల చదువులకి.

మొన్న ఆదివారం ఇక్కడ చర్చిలో పన్నెండో తరగతి అయిపోయిన పిల్లల్ని ముందుకు పిలిచారు. నలుగురే. మామూలు బట్టల మీద ఆ పొడుగు గౌనులు, పలక అతికించినట్టుండే టోపీలు. మన సండే స్కూలు బహుమతుల రోజు లాగే ఉంది, స్టీలు గిన్నెల బదులు ఇద్దరికి కాలేజీకి తలా వెయ్యి డాలర్లు ఇచ్చారు. ఇక్కడి కాలేజీ ఖర్చుకి అది ఏ మూలకీ రాదు. పేదవాళ్ళ పిల్లలకి గవర్నమెంటు ఇచ్చే పెల్ గ్రాంటే ఎక్కువలో ఎక్కువ ఏడాదికి 7,395 డాలర్లు, అదే చాలదు, ఇక ఈ వెయ్యి పుస్తకాలకి సరిపోతే గొప్ప. అయినా ఆ ఇద్దర్లో ఒక పిల్ల కాగితం చేత్తో పట్టుకుని ఏడ్చేసింది.

ఆ డబ్బు నా పక్కన కూర్చునే పెద్దావిడ కొడుకు పేరు మీద ఇచ్చేది. ఆవిడ గురించి నీకు చెప్పాను కదా, నాకు స్వెట్టర్ అల్లి ఇచ్చినావిడ. ఒక్కడే కొడుకు, కాలేజీలో చేరిన మొదటి ఏడే కారు ప్రమాదంలో పోయాడు. భూస్థాపనకి పూలు తేవొద్దు, ఆ డబ్బు చర్చిలో ఇవ్వండి అని కబురు పెట్టారట. ఇక్కడ చాలామంది అలాగే చేస్తారు. వచ్చిందంతా ఒకచోట వేసి, ఏడాదికి నూటికి నాలుగు చొప్పునే తీస్తారు, అసలు సొమ్ము జోలికి పోరు. ఇప్పటికి ముప్పై మంది దాకా చదువుకున్నారట. వాళ్ళ పెళ్ళి కార్డులు, పిల్లల ఫోటోలు ఆవిడ ఇంట్లో ఫ్రిజ్ తలుపు నిండా అతికించి ఉంటాయి, నీళ్ళ సీసా తీయాలంటే భయం, ఎక్కడ ఊడి పడతాయోనని.

నన్ను మీ ఊరేది అంది. గుంటూరు దగ్గర అన్నానో లేదో, వాళ్ళ నాన్నమ్మ స్త్రీల సమాజంలో గుంటూరు ఆసుపత్రికని చిల్లర పోగేసేదట! కుగ్లర్ ఆసుపత్రికమ్మా, నువ్వు నన్ను కన్న ఆసుపత్రికి. కుగ్లర్ డాక్టరమ్మ 1883లో గుంటూరు వచ్చింది ఈ పెన్సిల్వేనియా నుంచే. గుంటూరు మిషన్ మొదలుపెట్టిన హయ్యర్ అయ్యగారినీ ఇక్కడి సంఘాలే పంపాయి. 1842 జూలై 31న ఆయన గుంటూరులో అడుగుపెట్టాడని నాన్న ఏటా చెప్తుంటే మేం వెనక బెంచీలో పెదవులు కదిపి వెక్కిరించేవాళ్ళం. ఇప్పుడు ఆ తేదీ నాకు నిద్రలో లేపినా వస్తుంది.

మీ నాన్న ఏం చేసేవాడు అంది. మిషన్ స్కూల్లో టీచరు అన్నాను. తర్వాత ఇంటికొచ్చి చాలాసేపు ఆలోచించాను. నాన్న దగ్గర ఎర్ర అట్ట పుస్తకం ఉండేది గుర్తుందా, పిల్లలకి పరీక్ష ఫీజులు కట్టి రాసుకునేది? తిరిగిచ్చిన వాళ్ళ పేర్లు కొట్టేసేవాడు, ఇవ్వని వాళ్ళవి అలాగే వదిలేసేవాడు, నువ్వు దాని మీద ఎన్ని దెబ్బలాటలు పెట్టుకున్నావో. నా నర్సింగ్ మొదటి ఏడు మెస్ బకాయి కట్టలేక ఇంటికొచ్చేశాను. ఆ కోత పండుగకి సంఘం వాళ్ళు కానుకల వేలంలో వచ్చిన డబ్బు నాకిచ్చారు. మన పుంజునే నాన్న తీసుకెళ్ళి కానుకిస్తే, పెదనాన్న పంతానికి పాడి పెంచి పెంచి కొన్నాడు. ఆ పుంజు గుర్తొస్తే ఇప్పటికీ పెదనాన్న మీద కోపం నిలవదు.

అందుకే అంటున్నా, ఆ పుస్తకమే నాన్న పేరు. తాతయ్య పేరు ఫ్యాన్ రెక్కల మీద రాయించారు, అది కరెంటు పోయినప్పుడు తప్ప ఎవరూ చదవలేరు. ఇలా అన్నానని పెదనాన్నకి చెప్పకు.

ఇక్కడి పాస్టరు అయ్యగారు మేమూ కొంత కలుపుతాం అన్నారు, వద్దన్నాను. మన చర్చికి విదేశీ విరాళాల రిజిస్ట్రేషన్ లేదు, అది లేకుండా వాళ్ళ డబ్బు తీసుకుంటే కేసవుతుంది. నాది ఇంకా ఇండియా పాస్‌పోర్టే కాబట్టి నేను దాచుకున్నది బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందకి రాదు. రేపు ఇక్కడి పౌరసత్వం తీసుకుంటే నా డబ్బూ విదేశీ డబ్బే అయిపోతుంది, వింత చూడు. కాబట్టి ఇప్పుడే చేద్దాం. అమెరికా చర్చి పంపుతోందని మాత్రం ఎవరూ ఎక్కడా అనొద్దు.

ఐదు లక్షలు డిపాజిట్ చేస్తే, ఏడు శాతం అనుకున్నా ఏడాదికి 35,000. ఒకరికో ఇద్దరికో వస్తుంది. డబ్బు పిల్లల చేతికి, వాళ్ళ నాన్నల చేతికి ఇవ్వొద్దు, కాలేజీలో కట్టి రసీదు తెచ్చుకోవాలి. ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆలస్యమై సర్టిఫికెట్లు కాలేజీలోనే ఇరుక్కుపోయిన వాళ్ళకి ముందు చూడాలి, మన వీధిలోనే ఇద్దరున్నారని తమ్ముడన్నాడు. ఇక్కడ కమిటీలో వాళ్ళ పిల్లలు అప్లై చేస్తే ఆ ఏడు ఆ తల్లిదండ్రులు కమిటీలో కూర్చోరు. పెదనాన్న మనవడు ఈ ఏడే ఇంటర్ అయ్యాడు కదా. నువ్వు చెప్పలేకపోతే నేనే ఫోన్ చేసి చెప్తా.

ఇంకోటి, ఇది మాత్రం జాగ్రత్తగా విను. ఇక్కడ లాగా పిల్లల్ని ముందుకు పిలిచి పేర్లు చదవడం, ఫ్లెక్సీ కట్టి ఫోటోలు వేయడం మనకి వద్దు. బాప్తిస్మం కాగితం కూడా అడగొద్దు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైతే ఎస్సీ కింద లెక్కలేదు, మన దగ్గర బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషనే. ఎవరి కులం సర్టిఫికెట్‌లో ఏముందో మనకెందుకు? మన ఫ్లెక్సీ వల్ల ఒక పిల్ల సీటు పోతే నాన్న పేరుకి అంతకంటే మచ్చ ఏముంది. ఆదివారం వచ్చే పిల్లలెవరో అయ్యగారికి తెలుసు, ఆయన నోటి మాట చాలు. (ఇక్కడా తంటాలున్నాయిలే. బయటి స్కాలర్‌షిప్ వచ్చిందని తెలిస్తే కొన్ని కాలేజీలు తామిచ్చే సాయంలో అంత కోసేస్తాయి. నిరుడు ఒక పిల్లకి అలాగే అయితే పెద్దావిడ చేతికర్ర పట్టుకుని కాలేజీకి బయల్దేరింది.)

బీపీ మాత్రలు ఉదయం వేసుకుంటున్నావా, గుర్తొచ్చినప్పుడా? పెరటి రేకులు వానలు ముదరకముందే మార్పించు, డబ్బు వేశాను.

ఆగస్టు జ్ఞాపకార్థ కూడికకి రెండు వారాలు సెలవు అడిగాను. ఇస్తారో లేదో ఇంకా చెప్పలేదు. నిరుడు పదో రోజుకే వెళ్ళిపోయానని నువ్వు ఎవరితో ఏమన్నావో నాకు చేరింది. అప్పుడు సెలవు లేదమ్మా, నిజంగా లేదు. భోజనాలు నీ ఇష్టం, బిర్యానీయే పెట్టు, నేను అడ్డు చెప్పను. సమాధికి రాయి కూడా వేయిద్దాం, ఆర్చి ఒక్కటే వద్దంటున్నా.

ఆ ఎర్ర అట్ట పుస్తకం బీరువాలో కింద అరలో, నాన్న పంచెల కింద ఉండాలి. పారేయలేదు కదా? తమ్ముడిచేత పేజీలన్నీ ఫోటోలు తీయించి పంపు, కొట్టేయని పేర్లు కూడా. వాళ్ళని అడగడానికి కాదు, చూడాలని ఉంది.

నీ పెద్దమ్మాయి