మూడు రోజులు పాలు ఎందుకు రాలేదంటే

అందరికీ నమస్కారమండి. మంగళవారం నుంచి గురువారం దాకా విజయవాడ దగ్గర పోరంకి, కానూరు, పటమట వైపు మన గేదె పాలు రాలేదు. మొదటి రోజు కొంతమందికి తొమ్మిదింటికి అందాయి, మిగతా వాళ్లకి అసలు లేవు. గ్రూపులో "బండి ట్రబుల్" అని ఒక్క ముక్క పెట్టి ఊరుకున్నా, అది సరిపోదని నాకూ తెలుసు, అందుకే జరిగింది జరిగినట్టు చెప్తున్నా.

మన బండి 2012 టాటా ఏస్, రెండు సిలిండర్ల 702 సీసీ ఇంజను, సీటు ఎత్తితే కిందే ఉంటుంది. మంగళవారం తెల్లారుజామున 40 లీటర్ల క్యాన్లు నాలుగు వేసుకుని బందరు రోడ్డు మీద వస్తుంటే ఈడుపుగల్లు దాటాక సీటు కింద నుంచి సెగ కొట్టింది, చూస్తే టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత మీద ఉంది, వెనకాల తెల్ల పొగ. పక్కకి తీసి ఆపేశా. ఒక లారీ అబ్బాయి పాపం బిందెతో నీళ్లు తెచ్చాడు గానీ నేనే వద్దన్నా, కాగుతున్న ఇంజన్లో చన్నీళ్లు పోస్తే ఇంజను పైన ఉండే హెడ్డు పగులుద్ది. చల్లారాక ఆయిల్ చూసే పుల్ల తీస్తే నల్లగా ఉండాల్సిన ఆయిలు టీ రంగులో నురగగా ఉంది. నీళ్లు ఆయిల్లో కలిసిపోయాయి, అంటే హెడ్డుకీ ఇంజనుకీ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయినట్టే.

ఇక పాలు. ఎదురుగా టీ కొట్టు ఆవిణ్ణి బతిమాలి ఒక్కో క్యాన్లోంచి ఒక్కో గ్లాసు కాయించా. రెండు బానే పొంగాయి. మూడోది పొయ్యి మీదే విరిగిపోయింది, నాలుగోది విరగలేదు గానీ అంచున సన్నగా పలుకులు కనపడ్డాయి. ఆ రెండూ ముందు పితికినవి, పైగా క్యాబిన్‌కి ఆనించి పెట్టినవి. నాలుగోదాన్ని పెరుగుకి వాడుకోవచ్చు కదా అని మా ఆవిడ ఫోన్లో అంది, నాకు మనసొప్పలేదు. 80 లీటర్లు కాలవలో పారబోసి మంచివి రెండు క్యాన్లు ట్రాలీ ఆటోలో పంపించా.

ఇప్పుడు అసలు కడుపుమంట. ఈ బండికి మార్చిలోనే వాటర్ పంపు, అంటే నీళ్లు తిప్పి ఇంజన్ని చల్లగా ఉంచేది, మార్పించా. ఆటోనగర్లో నేను పదేళ్లుగా సామాను కొనే షాపులో, "కంపెనీదే ఇవ్వండి, రేటు ఎంతైనా పర్లేదు" అని నోరు తెరిచి అడిగి మరీ తీసుకున్నా. డబ్బా కంపెనీదే, స్టిక్కరూ ఉంది. మొన్న మెకానిక్ దాన్ని విప్పి పాత ఒరిజినల్ పంపు పక్కన పెట్టి చూపించాడు, దీని అంచులు నున్నగా చేయకుండా గరుకుగా వదిలేశారు, వేలితో కదిపితే షాఫ్టు లొడలొడా ఊగుతోంది. సీలు పోతే నీళ్లు కారడానికి పంపు కింద చిన్న బెజ్జం ఉంటుంది, అక్కణ్ణుంచి చారలు కట్టి తుప్పు. పంపు పట్టుకుని షాపుకెళ్తే ఆయన మొహం కూడా ఎత్తకుండా "పంపులకి గ్యారంటీ ఉండదు, బిల్లుందా" అన్నాడు. బిల్లెక్కడిది, తెల్ల కాయితం మీద రాసిచ్చాడు, పదేళ్ల పరిచయమని నేనూ అడగలా. టీ తాగి వెళ్లమన్నాడు. తాగలేదు. ఆ పంపు బండిలోనే పెట్టుకున్నా, ఎవరికైనా చూడాలనుంటే అడగండి.

నా తప్పు కూడా చెప్పాలి కదా. వారం నుంచి రోజూ పొద్దున అర లీటరు నీళ్లు తగ్గుతున్నాయి. రోజూ బోరు నీళ్లు పోసుకుని, ఎండలు కదా అనుకుని వచ్చేశా. కూలెంట్ పొయ్యాల్సిన చోట ఉప్పు నీళ్లు పోస్తే రేడియేటర్ లోపల గార కట్టక ఏమవుతుంది.

ఇంజను వేడెక్కిందని ఎవరి ద్వారానో విని ఒక అపార్ట్‌మెంట్ పెద్దాయన గ్రూపులో "పాలల్లో పోసే నీళ్లు కాస్త రేడియేటర్లో పోయాల్సింది" అని పెట్టారు. నవ్వుకున్న వాళ్లు నవ్వుకున్నారు, నేనూ ఒక బొమ్మ పెట్టా, ఆ రాత్రి మాత్రం నిద్ర పట్టలేదండి. లాక్టోమీటర్ బండిలోనే ఉంటుంది, ఎవరి గేటు దగ్గరైనా, ఏ రోజైనా ముంచి చూసుకోండి.

బండి అమ్మేసి కొత్తది తీసుకో అని ఇంట్లో, బయటా అందరూ అన్నారు. లెక్క వేశా. కిస్తీ కట్టాలంటే లీటరుకి నాలుగైదు రూపాయలు పెంచాలి, ఆ భారం మీ మీద వెయ్యడం ఇష్టం లేదు. ఇది ఒక కారణం. రెండు గేదెలప్పుడు కొన్న బండి, ఇప్పుడు పదకొండు గేదెలు, ఏటా ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి, తీసుకెళ్తే ఎవరూ వేలెత్తి చూపకుండా పాసవుతున్న బండి, ఒక దొంగ పంపు వల్ల దీన్ని పాత ఇనుముకి వేస్తానా? మొండితనం అంటే అనుకోండి.

హెడ్డు వంకర తిరిగితే లేత్ షాపులో చదును చేయించాం, గ్యాస్కెట్, పంపు, థర్మోస్టాట్ కొత్తవి, రేడియేటర్ కడిగించి కూలెంట్ పోశాం. ఈసారి సామాను డీలర్ దగ్గరే, జీఎస్టీ బిల్లుతో. మా ఊరి ట్రాలీ ఆటో అతనితో మాట్లాడుకున్నా, బండి ఆగితే గంటలో అతనొస్తాడు, క్యాన్ల మధ్య ఐసు పెట్టె కూడా పెడుతున్నా. ఆ మూడు రోజులకి ఎవరికీ బిల్లు లేదు, మంగళవారం లేటుగా అందిన వాళ్లకి కూడా.

శుక్రవారం నుంచి ఎప్పట్లాగే ఆరు లోపు వస్తా. ఖాళీ సీసాలు కడిగి మూత తీసి గేటు దగ్గర పెట్టండి, మూడు రోజులు మూత బిగించి ఉంచితే వాసన పట్టేస్తాయి.