‘రెండేళ్ల వర్క్ వీసా’ అని రాసేవాళ్లు తేదీలు కూడా రాయాలి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పత్రిక తిరుపతి పేజీల్లో విదేశీ చదువుల కన్సల్టెన్సీల ప్రకటనలు తరచూ వస్తున్నాయి. ‘యూకేలో మాస్టర్స్, చదువు అయ్యాక రెండేళ్ల వర్క్ వీసా గ్యారంటీ’ అని పెద్ద అక్షరాల్లో వేస్తారు. ఎయిర్ బైపాస్ రోడ్డులో పోతే హోర్డింగుల మీద కూడా అదే మాట. ఆ వీసాకు ఎవరు అప్లై చేయాలి, ఎక్కడి నుంచి చేయాలి, ఎప్పటిలోగా చేయాలి, ఎంత కట్టాలి అన్నది మాత్రం ఒక్క ప్రకటనలోనూ కనబడదు. ఆ ప్రకటనలు చూసి పిల్లల్ని పంపించిన ఇళ్లలో మాదీ ఒకటి. మా తమ్ముడు 2024 సెప్టెంబరులో ఇంగ్లండ్ పోయి మాస్టర్స్ చేసి, పోయిన సంవత్సరం చివర్లో ఆ వీసా తెచ్చుకున్నాడు. వాడికి వచ్చింది, సంతోషమే. కానీ అది చేతికొచ్చే వరకు మా ఇంట్లో ఎవరికీ సరిగ్గా నిద్ర లేదు, ఆ టెన్షన్‌లో సగం ముందే ఎవరైనా నాలుగు ముక్కలు చెప్పి ఉంటే ఉండేది కాదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను.

దీన్ని అందరూ పీఎస్‌డబ్ల్యూ అంటున్నారు గానీ, ఇప్పుడు అక్కడ దాని పేరు గ్రాడ్యుయేట్ వీసా. పాత పోస్ట్ స్టడీ వర్క్ వీసాను 2012లో తీసేశారు, 2021 జులై 1 నుంచి ఈ కొత్తది మొదలైంది. డిగ్రీ, మాస్టర్స్ చేసినవాళ్లకు రెండేళ్లు, పీహెచ్‌డీ చేసినవాళ్లకు మూడేళ్లు. దీనికి ముందే ఉద్యోగం చూపించనక్కర్లేదు, కంపెనీ స్పాన్సర్ చేయనక్కర్లేదు, బ్యాంకులో ఇంత డబ్బుందని చూపించే పని కూడా లేదు. నిజంగా మంచి అవకాశమే, కాదనను. అయితే ఇది డిగ్రీతో పాటు దానంతటదే వచ్చేది కాదు. స్టూడెంట్ వీసా గడువు తీరకముందే, ఆ దేశంలో ఉండగానే, పిల్లలు స్వయంగా అప్లై చేసుకోవాలి. ఇంటికి వచ్చేసి తీరిగ్గా తిరుపతి నుంచి అప్లై చేద్దామంటే కుదరదు. మా తమ్ముణ్ని పంపిన కన్సల్టెన్సీవాళ్లను మా నాయన అడిగితే, ‘అదంతా ఆటోమేటిక్ సార్, చదువు అయిపోతానే పడిపోతుంది’ అన్నారు. నేను పక్కనే ఉన్నాను.

ఇప్పుడు ఇంకా పెద్ద మార్పు వచ్చింది. 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకు ఈ వీసా రెండేళ్లు కాదు, 18 నెలలే. పీహెచ్‌డీవాళ్లకు మాత్రం మూడేళ్లు అట్లే ఉంటుంది. ఇక్కడ లెక్కలోకి వచ్చేది కోర్సులో చేరిన తేదీ కాదు, వీసాకు అప్లై చేసిన తేదీ. అంటే 2026 సెప్టెంబరులో ఏడాది మాస్టర్స్‌లో చేరే పిల్లలకు వచ్చేది ఏడాదిన్నరే. 2026 జనవరిలో పూర్తి ఏడాది కోర్సులో చేరినవాళ్లదీ అదే పరిస్థితి. మరి హోర్డింగుల మీద ఇంకా రెండేళ్లని ఎందుకుంది? ఆ ఆరు నెలలు నమ్ముకుని అప్పు లెక్కలు వేసుకున్న తల్లిదండ్రులకు ఎవరు జవాబు చెబుతారు?

అందరికంటే ఇరుకులో ఉన్నది 2025 సెప్టెంబరులో చేరినవాళ్లు. వాళ్ల డిసర్టేషన్ (కోర్సు చివర్లో రాసిచ్చే పెద్ద రిపోర్టు) 2026 ఆగస్టులోనో సెప్టెంబరులోనో ఇచ్చేస్తారు, మార్కులు దిద్ది బోర్డు మీటింగు పెట్టి ఫలితం చెప్పేసరికి అక్టోబరు, నవంబరు, కొన్నిచోట్ల డిసెంబరు కూడా అవుతుంది. డిసెంబరు 31 లోపు అప్లై చేస్తే రెండేళ్లు, ఒక్కరోజు దాటినా ఏడాదిన్నర. ఏదైనా సబ్జెక్టు తప్పి మళ్లీ రాయాల్సి వచ్చిందా, ఫలితం ఇంకా వెనక్కి పోతుంది. ఏడాది, ఆపైన ఉండే కోర్సుకు స్టూడెంట్ వీసా మామూలుగా కోర్సు ముగిశాక ఇంకో నాలుగు నెలలు ఉంటుంది కాబట్టి చాలామందికి అది జనవరిలో తీరిపోతుంది. ఈ పిల్లల అమ్మానాన్నలు మన ఊళ్లో చాలామందే ఉన్నారు, వాళ్లలో ఎంతమందికి ఈ తేదీ తెలుసో నాకు అనుమానమే.

ఫలితం వచ్చినంత మాత్రాన అప్లై చేసేయొచ్చా అంటే అదీ కాదు. ఈ పిల్లవాడు కోర్సు పూర్తి చేశాడని యూనివర్సిటీ అక్కడ వీసాలు చూసే హోమ్ ఆఫీసుకు తెలపాలి, తెలిపామని విద్యార్థికి చెబుతుంది, ఆ తర్వాతే అప్లికేషన్ పెట్టాలి. మా తమ్ముడికి యూనివర్సిటీ పోర్టల్‌లో పాస్ అని కనబడింది. వాడితో పాటు ఉండే పిల్లలు ‘ఇంకేంది, కట్టేయ్’ అన్నారు. వాడు కట్టలేదు. యూనివర్సిటీ నుంచి ఆ మెయిల్ వచ్చేదాకా ఆగాడు. పొద్దున చీకటితోనే గోడౌన్‌లో షిఫ్టుకు పోయే బస్సు కోసం నిలబడి, చేతికున్న గ్లౌజు పళ్లతో లాగి ఫోన్ తెరిచి మెయిల్ చూసుకునేవాడు, మాకు అది మధ్యాహ్నం వేళ, వీడియో కాల్‌లో ‘ఇంకా రాలేదక్కా’ అనేవాడు. అమ్మ ఆ మాట వినకుండా వంటింట్లోకి పోయేది. తొందరపడి ముందే అప్లై చేసి, యూనివర్సిటీ సమాచారం అందక తిరస్కరిస్తే, ఫీజు తిరిగి రాదు.

ఫీజు విషయానికి వద్దాం. 2025 ఏప్రిల్‌లో అప్లికేషన్ ఫీజు 880 పౌండ్లు చేశారు. దాంతో పాటు అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం హెల్త్ సర్‌ఛార్జ్ అని ఏడాదికి 1,035 పౌండ్లు, రెండేళ్లకు 2,070. మా తమ్ముడు కట్టినప్పుడు రెండూ కలిపి 2,950 పౌండ్లు. పౌండు 115 రూపాయలు అనుకున్నా దాదాపు మూడు లక్షల నలభై వేలు. ఇదంతా అప్లై చేసేటప్పుడే, ఒకేసారి కట్టాలి, నెలనెలా కడతామంటే ఒప్పుకోరు. చదువుతున్నప్పుడు వారానికి 20 గంటలు మించి పని చేయకూడదు, వచ్చేది రూము అద్దెకు, తిండికి సరిపోతే గొప్ప. అంత డబ్బు పిల్లలు ఎక్కడ దాచిపెడతారు? చివరికి ఇంటికే ఫోన్ వస్తుంది. కన్సల్టెన్సీవాళ్లు ఇచ్చే ఖర్చుల కాగితంలో ఫీజు, అద్దె, విమానం టికెట్, చివరికి స్వెట్టర్లకు ఎంత అనేది కూడా ఉంది గానీ ఈ మూడు లక్షల నలభై వేలు మాత్రం లేదు. మేము బ్యాంకుకు పోయి, విదేశాలకు డబ్బు పంపే ఏ2 ఫారం నింపి, పాన్ కార్డు కాపీ ఇచ్చి పంపించాం. మధ్యలో శని, ఆదివారాలు పడ్డాయి. డబ్బు వాడి అకౌంట్లో పడ్డాక కూడా కార్డుకు రోజువారీ పరిమితి ఉంటుందని వాడు ముందే బ్యాంకుతో మాట్లాడుకుని ఉన్నాడు. చివరి వారంలో ఈ పని పెట్టుకున్నవాళ్ల పరిస్థితి ఊహించుకోండి. సెప్టెంబరులోనే డబ్బు అక్కడ ఉండేట్టు చూసుకోమని నేను కనబడిన ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను.

అప్లికేషన్ ఫారం మాత్రం చాలా సులువు. స్టూడెంట్ వీసాకు చెన్నై పోయి వేలిముద్రలు ఇచ్చి వచ్చాడు, ఈసారి ఆ తిరుగుడు లేదు, ఫోన్‌లో అక్కడి ప్రభుత్వ యాప్‌తోనే గుర్తింపు చూపించుకున్నాడు. పాస్‌పోర్టు వివరాలు, చదువు కోసం యూనివర్సిటీ ఇచ్చిన క్యాస్ నంబరు, అక్కడి అడ్రసు. అంతే. ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద ఫీజు, ఖర్చులు రెండూ పెట్టించుకున్నవాళ్లు ఆ స్కాలర్‌షిప్ ఇచ్చినవాళ్ల అనుమతి లేఖ కూడా పెట్టాలి. ఎనిమిది వారాల లోపల మామూలుగా నిర్ణయం చెబుతారు. ఇంత సులువైన ఫారం నింపడానికి ఇక్కడ కొందరు ఏజెంట్లు వేలకు వేలు అడుగుతున్నారు. యూనివర్సిటీలో ఇంటర్నేషనల్ స్టూడెంట్ల ఆఫీసు ఉంటుంది, వాళ్లు పైసా తీసుకోకుండా పక్కన కూర్చుని చెబుతారు. ఆ దేశంలో డబ్బు తీసుకుని ఇమిగ్రేషన్ సలహా ఇవ్వాలంటే అనుమతి పొందినవాళ్లే ఇవ్వాలని చట్టం కూడా ఉంది. మన పిల్లలు అక్కడ అడగడానికి మొహమాటపడి ఇక్కడి ఏజెంటుకు వాట్సాప్‌లో పాస్‌పోర్టు ఫోటోలు పంపిస్తారు, అది ఆపాలి.

ఇప్పుడు మన ఇళ్ల గురించి చెప్పాలి. డిసర్టేషన్ ఇచ్చే సమయానికే ఇక్కడ శ్రీవారి బ్రహ్మోత్సవాలు. ‘చదువు అయిపోయింది కదా నాయనా, ఒకసారి వచ్చి కొండెక్కి పో’ అని ప్రతి అమ్మా అంటుంది. మా అమ్మకు అలిపిరి మెట్ల మొక్కు ఉంది, వాడితో కలిసి ఎక్కుతానని. తర్వాత కార్తీక మాసంలో చంద్రగిరిలో మా మామ కూతురి పెళ్లి. పెళ్లి నాటికి వాడు అప్లై చేసి ఉన్నాడు, నిర్ణయం రాలేదు. అప్లై చేసినాక నిర్ణయం వచ్చే లోపల ఆ దేశం దాటి బయటికి వస్తే అప్లికేషన్ వెనక్కి తీసుకున్నట్టు లెక్క. మళ్లీ బయటి నుంచి పెట్టుకునే దారి ఉండదు. ఈ సంగతి చుట్టాలకు చెప్పి ఒప్పించేసరికి మా పని అయిపోయింది. ‘రెండు రోజులకు వచ్చిపోతే ఏమైపోతుంది, ఎవరు చూస్తారు’ అన్నారు పెద్దవాళ్లు. ఒకే ఒక్క మేనబావ రాకపోతే ఎట్ల అని మామ అలిగాడు. వాడు రాలేదు. తాళి కట్టే వేళకు మా పిన్ని ఫోన్ పైకెత్తి పట్టుకుంది, అక్కడ వాడు రూములో పట్టుపంచె కట్టుకుని కూర్చుని చూశాడు. రెండు వారాల తర్వాత వీసా వచ్చింది, మామే అందరికంటే ముందు ఫోన్ చేశాడు. అప్లై చేయకముందు, స్టూడెంట్ వీసా ఇంకా చెల్లుతుండగా వచ్చి తిరిగి పోవచ్చు గానీ, అప్పుడు కూడా తేదీలు యూనివర్సిటీతో మాట్లాడి సరిచూసుకుని రావాలి. దేవుడి మొక్కుకు గడువు లేదు, వీసాకు ఉంది అని మా అమ్మకు నచ్చజెప్పింది చివరికి మా అవ్వే.

వీసా వచ్చాక ఏమిటన్నది కూడా ముందే ఆలోచించాలి. ఈ వీసాను పొడిగించరు. ఆ గడువులోపల స్పాన్సర్ చేసే కంపెనీలో ఉద్యోగం దొరికి స్కిల్డ్ వర్కర్ వీసాకు మారాలి. దానికి జీతం 2025 జులై నుంచి మామూలుగా ఏడాదికి 41,700 పౌండ్లు, కొత్తగా ఉద్యోగంలోకి వచ్చే కుర్రవాళ్లకు 33,400 పౌండ్లు, ఆ ఉద్యోగం కూడా మామూలుగా డిగ్రీ స్థాయిది అయ్యుండాలి. గోడౌన్ పనికి ఇది కుదరదు. ఇంకోవైపు మన బ్యాంకుల్లో చదువు అప్పుకు చాలావరకు కోర్సు కాలం, ఆపైన ఒక సంవత్సరం వరకే వాయిదాలకు సెలవు. అంటే ఏడాదిన్నర వీసా సగం దాటుతుండగానే ఈఎంఐ మొదలవుతుంది. ఏడున్నర లక్షలు దాటిన అప్పుకు చాలాచోట్ల ఆస్తి తాకట్టు అడుగుతారు. బంగారుపాళ్యం వైపు తోతాపురి తోట తాకట్టు పెట్టి కొడుకును పంపిన రైతును నేనెరుగుదును, 2025లో కాయకు ధర పడిపోయి ఆయన ఎంత కష్టపడ్డాడో చూశాను. అట్లాంటి మనిషికి ‘గ్యారంటీ’ అనే మాట చెప్పడం అన్యాయం.

అమెరికా పోయిన పిల్లలకూ ఇట్లాంటి తేదీల గొడవే ఉంది, చదువు అయ్యాక అక్కడ కొంతకాలం పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి పేరు ఓపీటీ. కోర్సు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచి ముగిశాక 60 రోజుల లోపల అప్లై చేయాలి, కాలేజీవాళ్లు సిఫార్సు చేసిన 30 రోజుల్లోపల ఆ ఫారం పోవాలి. వచ్చేది పన్నెండు నెలలు, సైన్సు, ఇంజనీరింగ్, లెక్కల చదువులవాళ్లకు ఇంకో 24 నెలల పొడిగింపు. ఆ మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా 90 రోజులకు మించి ఉండకూడదు. దీని గురించి రాస్తే ఇంకో ఉత్తరమే అవుతుంది కాబట్టి ఇక్కడితో ఆపుతాను.

సంపాదకుల వారిని నేను అడిగేది ఇది. వర్క్ వీసా పేరు చెప్పుకునే ప్రకటన మీ పత్రికలో వేసేటప్పుడు, దాని కాలం ఎంత, ఏ తేదీ నుంచి మారుతోంది, ఫీజు, సర్‌ఛార్జ్ కలిపి ఎంత అన్నవి అదే ప్రకటనలో చదవగలిగే అక్షరాల్లో ఉండాలని షరతు పెట్టండి. ‘గ్యారంటీ’ అన్న మాట ఉంటే ఒప్పుకోకండి. మీ చదువుల పేజీలో ఈ సెప్టెంబరులోపే ఒకసారి డిసెంబరు 31 సంగతి వివరంగా, అమ్మానాన్నలకు అర్థమయ్యే తెలుగులో రాయించండి, పిల్లల దగ్గర ఇంగ్లిషులో సమాచారం ఉంది, ఇంట్లో డబ్బు సర్దే పెద్దవాళ్ల దగ్గరే లేదు. తిరుపతిలో, చిత్తూరులో కన్సల్టెన్సీలు పెట్టే ఎడ్యుకేషన్ ఫెయిర్లకు మీ విలేకరులు పోయినప్పుడు, ఎన్ని యూనివర్సిటీలు వచ్చాయో రాయడంతో పాటు, ‘2026లో చేరే పిల్లవాడికి ఎన్ని నెలల వర్క్ వీసా వస్తుంది’ అని స్టాల్లో అడిగి, వాళ్లు చెప్పిన జవాబు అచ్చు వేయండి.

— ఒక పాఠకురాలు, బాలాజీ కాలనీ, తిరుపతి