సాయంత్రం బడి గేటు తెరవండి

సంపాదకుడికి,

వేసవిలో ఈతకు వెళ్లి చెరువులోనో వ్యవసాయ బావిలోనో మునిగిపోయిన పిల్లల వార్త జిల్లా పేజీలో రాని ఏడాది లేదు. పిల్లల్ని కనిపెట్టుకుని ఉండాలని తల్లిదండ్రులకు పోలీసుల సూచన కూడా మామూలే. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ 12న బడి తెరిచేదాకా పదిహేనేళ్ల పిల్లాణ్ని ఎవరు కనిపెట్టుకుని ఉంటారు? అమ్మ కూలికి, నాన్న ఆటో తోలడానికి పోతే వాడికి మిగిలేది ఫోను, లేదంటే బావి గట్టు.

మా మండల కేంద్రంలో సాయంత్రమైతే బస్టాండు అరుగుల మీద నలుగురేసి పిల్లలు ఒకే ఫోనులోకి తలలు దూర్చి కనబడతారు. ‘పనీపాటా లేని పోరగాళ్లు’ అని తిట్టుకుంటూ పోయే పెద్దలు, వాళ్లు ఎక్కడికి పోవాలో మాత్రం చెప్పరు. 2022లో ఊరూరా క్రీడా ప్రాంగణం అన్నారు. మాది శ్మశానం దాటాక ఉంది. బోర్డు ఉంది, వాలీబాల్ స్తంభాలున్నాయి, నెట్టు ఎప్పుడో పోయింది, లాంగ్‌జంప్ గుంతలో సర్కారు తుమ్మ మొలిచింది. ఆడపిల్లల్ని అటు పంపే తల్లి ఎవరు?

ఇంటి పన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయానికని కడుతున్నాం. ఆ సొమ్మును స్థానిక సంస్థలు ఏళ్ల తరబడి బకాయి పెడుతున్నాయని మీ పత్రికల్లోనే చదువుతున్నాం. మా లైబ్రరీలో పోటీ పరీక్షలకు చదివేవాళ్లకే కుర్చీలు చాలవు.

కొత్తగా ఏదీ కట్టక్కర్లేదు. ఊరి నడిబొడ్డున జడ్పీ హైస్కూల్ మైదానం ఉంది. ప్రహరీ ఉంది, బోరు ఉంది, మరుగుదొడ్లున్నాయి. బడి వదలగానే గేటుకు తాళం పడుతుంది. ఇందులో హెడ్మాస్టర్లను తప్పుపట్టలేం. రాత్రి ఎవరో తాగి పగలగొట్టిన బీరు సీసాల పెంకులు తెల్లారి ఏరించాల్సింది వాళ్లే, ఏ పిల్లాడి కాలో విరిగితే సంజాయిషీ చెప్పుకోవాల్సిందీ వాళ్లే. అంత భయం పెట్టుకుని తాళం తీయమంటే ఎవరు తీస్తారు? బడి వేళలు దాటాక మైదానం బాధ్యత పంచాయతీదని జిల్లా కలెక్టర్ రాతపూర్వకంగా ఉత్తర్వు ఇస్తే సగం చిక్కు తీరుతుంది. బీపీఈడీ (వ్యాయామ విద్యలో డిగ్రీ) చేసి ఖాళీగా ఉన్న యువకులు, యువతులు ప్రతి మండలంలోనూ ఉన్నారు. గౌరవ వేతనం మీద ఒకరిని పెట్టి, రెండు పెద్ద లైట్లు బిగించి, ఎనిమిదింటి దాకా గేటు తీసి ఉంచాలి. అందులో ఒక గంట ఆడపిల్లలకే. ఆటలు పట్టనివాళ్లకు ఒక గది తెరిచి క్యారమ్ బోర్డులు, కథల పుస్తకాలు పెట్టండి. ఆ పుస్తకాల మీద పరీక్ష మాత్రం పెట్టకండి!

ఈ వేసవికి మండలానికి ఒక్క బడిలోనైనా మొదలుపెడితే మేలు. మా బడిలో అయితే నెట్టు, బంతులు కొనివ్వడానికి పూర్వ విద్యార్థులం సిద్ధంగా ఉన్నాం.

– ఒక విశ్రాంత ఉద్యోగి, జనగామ జిల్లా